వెనక సీటు డ్యూటీ

శనివారం మధ్యాహ్నంలోగా తీసుకొస్తేనే మంచం ఉంచుతాం, లేదంటే వరసలో ఉన్న వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం అని కాకినాడ వైపు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను భిలాయి ఉక్కు ప్లాంటులో మీటింగులో ఉన్నాను. సరేనండీ అన్నాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ మిల్లు రిపేరు సంగతిలో పడ్డాను. సోమవారం నుంచి ఆ మిల్లు ఆపుతున్నారు. ఎన్నాళ్ళు ఆపాలి, ఎవరు ఎప్పుడు ఏ భాగం విప్పాలి, ఎవరు ఎప్పుడు బిగించాలి అన్నది తేల్చే సెక్షను మాది. ఆ మధ్యాహ్నం నేను ఒక్క తప్పూ చెయ్యలేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ నామీద నాకే కొంచెం భయం వేస్తుంది.

ఆ మంచం మా తమ్ముడి కోసం. వాడికి నలభై ఆరేళ్ళు. ఒళ్ళు ఎదిగింది, బుద్ధి ఐదేళ్ళ దగ్గర ఆగిపోయింది. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మే చూసింది. అమ్మ పోయాక నేనూ మా ఆయనా మా అమ్మాయీ కలిసి చూశాం. ఇక చూడలేని పరిస్థితి వచ్చింది కాబట్టి, ఇలాంటివాళ్ళని ఉంచుకునే ఒక ఆశ్రమంలో చేర్చాలనుకున్నాం. శుక్రవారం పొద్దున్నే బయల్దేరాలి, శనివారం వాణ్ణి అప్పజెప్పాలి, ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి, సోమవారం పొద్దున్న షిఫ్టుకి నేను ప్లాంటులో ఉండాలి. మధ్యలో రెండు ఘాట్ రోడ్లు, మూడు రాష్ట్రాలు. అదీ కారులో.

రైల్లో వెళ్ళొచ్చుగా అని ఎవరైనా అడుగుతారు. భిలాయి తెలుగువాళ్ళకి ఊరెళ్ళడమంటే దుర్గ్ వెళ్ళి రైలెక్కడమే. రాత్రి పడుకుంటే తెల్లారేసరికి విజయనగరం దగ్గరపడుతుంది. మా ఇంట్లో మాత్రం రైలు మాటే ఎత్తకూడదు. మేం భిలాయి క్యాంప్ 1 బస్తీ సందుల్లో ఉన్న రోజుల్లో, తమ్ముడు ఇంకా చిన్నవాడిగా ఉన్నప్పుడు, నాన్న సైకిలు వెనక పరిగెత్తి దారి తప్పాడు. పవర్‌హౌస్ స్టేషన్‌లో ఆగి ఉన్న ఏదో రైలెక్కేశాడు. సాయంత్రానికి దుర్గ్ యార్డులో, తలుపులేసిన ఖాళీ పెట్టెలో దొరికాడు. అందులో ఒక్కడూ ఎంతసేపు ఉన్నాడో, ఏం జరిగిందో వాడు చెప్పలేడు. అప్పట్నుంచీ రైలు కనిపిస్తే చాలు చెవులు మూసుకుని అరుస్తాడు.

మా ఇంటి పద్ధతి ఆ రోజే మొదలైంది. నాన్న ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. కరిగిన ఉక్కు నిండిన గంగాళాల్ని పైనుంచి మోసే క్రేను అది. దాని కేబిన్ ఖాళీగా ఉండకూడదు. తర్వాతి షిఫ్టువాడు నిచ్చెనెక్కి వచ్చాకే ముందువాడు దిగాలి. వాడు రాకపోతే ఇంకో షిఫ్టు కూడా అక్కడే కూర్చోవాలి. అలా తర్వాత వచ్చేవాణ్ణి రిలీవర్ అంటారు. నాన్న ఆ రూలుని తీసుకొచ్చి ఇంట్లో పెట్టేశారు. రిలీవర్ వచ్చి పక్కన కూర్చోకుండా తమ్ముడి దగ్గర్నుంచి ఎవరూ లేవకూడదు. లేచేవాళ్ళు, కూర్చునేవాళ్ళకి వాడు ఏం తిన్నాడో, దొడ్డికి వెళ్ళాడో లేదో, ఎలాంటి మూడ్‌లో ఉన్నాడో చెప్పి మరీ లేవాలి. చదువు రాని అమ్మ ఈ అప్పగింతలు అందరికంటే బాగా చేసేది. నేను పదో తరగతి పరీక్షలప్పుడు కూడా నా షిఫ్టు నేను చేశాను. అందుకు నాకు బాధ లేదు. అన్నం తినడం లాంటిదే అనుకునేదాన్ని.

నా పెళ్ళి ప్లాంటు టౌన్‌షిప్ సెక్టారులో ఉన్న చర్చిలో జరిగింది. ప్రమాణాలప్పుడు అమ్మ ఇంట్లో ఉంది, నాన్న చర్చిలో ఉన్నారు. ప్రమాణాలవగానే నాన్న సైకిలు తొక్కుకుంటూ ఇంటికెళ్ళి అమ్మని పంపించారు. నా పెళ్ళి ఫోటోల్లో అమ్మా నాన్నా కలిసి ఒక్కదాంట్లోనూ లేరు. ఎవరైనా ఆల్బం చూసి, మీ అమ్మగారూ నాన్నగారూ పోట్లాడుకున్నారా ఏంటి అని అడిగితే మా ఆయనకి నవ్వు. ఆయన లెక్కల మాస్టారు. సంబంధం మాట్లాడినప్పుడే నాన్న ఆయనతో, మా ఇంట్లో ఒక పోస్టు ఎప్పుడూ నిండుగా ఉండాలి బాబూ అని చెప్పేశారట. అర్థం కాకపోయినా ఒప్పుకున్నాను అంటారాయన. అర్థమయ్యాక కూడా మాట తప్పలేదు.

నాన్న పోయాక ఆ బరువంతా అమ్మ మీద పడింది. కిందటి చలికాలం మొదట్లో అమ్మ కూడా పోయింది. సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూనే, ఈ రాత్రి డ్యూటీ ఎవరిది అన్నాను. అందరూ నా వంక చూశారు. గుండె దిటవు మనిషి అన్నారు కొందరు. దిటవూ కాదు, పాడూ కాదు. పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తే బుగ్గ ఉండీ లేనట్టుంటుంది చూడండి, నాకు ఒళ్ళంతా అలా ఉంది. అది తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఏడుపు రావాలి కదా అని ఒకటి రెండుసార్లు అమ్మ చీరలు తీసి ముందు పెట్టుకుని కూర్చున్నాను కూడా. ఏమీ రాలేదు. చీరలు మడతపెట్టి లోపల పెట్టేశాను.

ముగ్గురం మూడు షిఫ్టులు వేసుకుని చలికాలం దాటాం, ఎండాకాలం సగం దాటాం. తమ్ముడు బరువైనవాడు. అలిగి నేలమీద కూర్చుంటే లేపడం ఇద్దరికి కూడా కష్టం. అలా లేపుతూ మా ఆయన నడుం పట్టేసి మూడు వారాలు మంచం మీదున్నారు. జూలైలో మా అమ్మాయి నాగపూర్‌లో కాలేజీకి వెళ్ళిపోతుంది. నేను పనిలోంచి మధ్యలో లేచి రావడం ఎక్కువైపోయింది. మా పైఆఫీసరు మర్యాదస్తుడు, అరవలేదు. ఇలా ఎన్నాళ్ళు మేడమ్ అన్నారంతే. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, తేలికయ్యేది.

జీతానికి మనిషిని పెట్టుకోలేదా అంటే, పెట్టుకున్నాం. పక్కనున్న కోహ్కా నుంచి ఒక పనావిడ వచ్చేది, దీదీ అనేవాళ్ళం. చాలా ఓపిక. కానీ తమ్ముడికి హిందీ రాదు. భిలాయిలో పుట్టి హిందీ రానివాడు మా తమ్ముడొక్కడే అయ్యుండాలి. బడికి పోలేదు, వీధిలో ఆడలేదు. వాడికి వచ్చిందల్లా శ్రీకాకుళం నుంచి అమ్మ మోసుకొచ్చిన తెలుగు. మా అమ్మాయికి నోరు తిరగని మాటలు కూడా వాడు చక్కగా పలుకుతాడు. పాపం ఆ దీదీ, అన్నం తినమని ఖానా ఖా లో భయ్యా అంటూ ఎంత బతిమాలినా వాడు గోడ మీద అమ్మ ఫోటో వైపు చూస్తూ కూర్చునేవాడు. అందుకే రాయపూర్‌లో ఉన్న ఆశ్రమాలు పనికిరాలేదు. తెలుగు మాట్లాడేచోటే కావాలి. చర్చిలో తెలిసినవాళ్ళ ద్వారా కాకినాడకి ఇవతల ఈ చోటు దొరికింది.

విషయం తెలిసి బంధువులు ఫోన్లు మొదలుపెట్టారు. ఒక పిన్ని, నీకెలా మనసొప్పిందే అంది. వారానికి ఒక్క షిఫ్టు నువ్వు చెయ్యి పిన్నీ, మానేస్తాను అన్నాను. ఆవిడ ఫోన్‌లో సిగ్నల్ పోయింది.

ఆశ్రమం వాళ్ళు ఒక షరతు పెట్టారు. మొదటి పూట వాడు వాళ్ళ చేతి అన్నం తినాలి, వాళ్ళ మనిషి దగ్గర కుదురుగా కూర్చోవాలి. తినకుండా గోలచేస్తే తీసుకెళ్ళిపోవాలి. బలవంతంగా ఉంచుకోం అన్నారు. అది న్యాయమే. మాకు ఉన్నది అదొక్క పూట. అక్కడ వాడు కుదురుకోకపోతే జూలై నుంచి నేను ఉద్యోగం మానెయ్యాలి, లేదా వాణ్ణి గదిలో పెట్టి తాళం వెయ్యాలి. మూడో దారి నాకు కనిపించలేదు. కుదురుకోవాలని కోరుకుంటున్నానా, వద్దనుకుంటున్నానా అని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని. ఎవరూ అడగలేదు, అది నయమైంది.

ప్లాన్ వెయ్యడం మాత్రం నాకు చేతనవును. మా సెక్షన్‌లో పని ముగిసే గడియ ముందు రాసుకుంటాం. అక్కడ్నుంచి వెనక్కి వస్తాం. ఏ పని ఆగితే మొత్తం ఆగిపోతుందో చూసి దాని చుట్టూ మిగతావి సర్దుతాం. ఈ ప్రయాణంలో ఆ పని తమ్ముడి మూడ్. శనివారం మధ్యాహ్నం నుంచి వెనక్కి లెక్కేస్తే శుక్రవారం రాత్రి సాలూరులో పడుకోవాలి. సాలూరు చేరాలంటే చీకటి పడకముందే సుంకి ఘాట్ దిగాలి. దానికి ముందు కొరాపుట్, దానికి ముందు జగదల్‌పూర్. అన్నింటికంటే ముందు కేష్కాల్ ఘాట్. అక్కడ లారీలు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుంటే సగం రోజు పోయినట్టే. కాబట్టి లారీలు కదలకముందే అది ఎక్కెయ్యాలి. అంటే కోడి కూయకముందే ఇంట్లోంచి బయల్దేరాలి.

నడిపేవాళ్ళు ఒకరు, వెనక సీట్లో తమ్ముడి పక్కన ఒకరు, ముందు సీట్లో విశ్రాంతిగా ఒకరు. ధమ్తరి, కొండగావ్, జగదల్‌పూర్, కొరాపుట్ ఊళ్ళు డ్యూటీ మారే చోట్లు. మా అమ్మాయికి లైసెన్సు కొత్త కాబట్టి ఘాట్‌లో తను స్టీరింగు ముట్టుకోకూడదు. మా ఆయన నడుం వల్ల ఆయన వరసగా రెండుసార్లు నడపకూడదు. తమ్ముడి పక్కన కూర్చోవడానికి వెనక సీటు డ్యూటీ అని పేరు కూడా పెట్టాను. మా అమ్మాయి నవ్వింది. నాకు నవ్వెందుకో అర్థం కాలేదు.

మిల్లు మళ్ళీ తిప్పేముందు ట్రయల్ వేసినట్టు ఒక ఆదివారం చర్చి అయ్యాక కారులో ట్రయల్ వేశాం. దుర్గ్ దాటి శివనాథ్ వంతెన దాకా వెళ్ళి వద్దామని. పెద్దరోడ్డు మీద సిగ్నల్ పడి ఆగాం. పక్కనే పట్టాలు. ప్లాంటు వైపు బొగ్గుతో గూడ్సు వెళ్తోంది. తమ్ముడు నా చీర కొంగు తలమీద కప్పుకుని నా ఒళ్ళో దూరి అరవడం మొదలుపెట్టాడు. పక్క స్కూటర్లవాళ్ళు లోపలికి తొంగిచూశారు. గూడ్సు ఎంతకీ అయిపోదు. వాడు అరుస్తుంటే నేను, సరే, ఈ రోడ్డు పనికిరాదు, పాటన్ మీదుగా ధమ్తరి వెళ్ళాలి అనుకుంటున్నాను. వాడి వీపు నిమురుతూనే ఉన్నాను, కానీ బుర్రలో రోడ్డే ఉంది.

ఇంకో చిక్కు అన్నం. నాన్న పొద్దున్న షిఫ్టు చేసి రెండున్నరకి ఇంటికొచ్చేవారు. ఆయన గుమ్మంలోకి వస్తే తమ్ముడికి ఆకలి. ఆయన పోయి ఏళ్ళయినా, ఎవరో ఒకరు బయట్నుంచి రాకపోతే వాడు కంచం ముట్టుకోడు. అమ్మ చివరి రోజుల్లో కూడా పెరటి తలుపు గుండా బయటికెళ్ళి వీధి గుమ్మంలోంచి వచ్చేది. కాబట్టి శుక్రవారం దారిలో హోటల్లో కూర్చోబెట్టి, మా ఆయన బయటికెళ్ళి చెమట తుడుచుకుంటూ లోపలికి రావాలని ప్లాన్‌లో పెట్టాను. చెమట ఎందుకు అన్నారాయన. జూన్ నెలండీ, అదే వస్తుంది అన్నాను.

బుధవారం సాయంత్రం భోజనాల బల్ల దగ్గర మొత్తం ప్లాన్ ఒకసారి చెప్పుకున్నాం. తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు, మా అమ్మాయి పక్కన కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. కాయ వలవడం, గింజలు మళ్ళీ కాయలో సర్దడం వాడి పద్ధతి. వాడికి ముందురోజే చెప్పాను, కొత్త ఇంటికి వెళ్తున్నాం, సముద్రం దగ్గర అని. వాడు కాసేపు ఆలోచించి, "అక్కడ డూటీ ఎవులు?" అన్నాడు. ఉంటారు అన్నాను. 

వెళ్ళేదంతా చెప్పేశాను. తర్వాత తిరిగి వచ్చేదానికి దిగాను. సోమవారం నుంచి వెనక్కి వచ్చాను. ఆదివారం రాత్రి ఇల్లు, దానికి ముందు ధమ్తరి, కేష్కాల్ ఘాట్ దిగడం. ఘాట్‌లో నేను నడుపుతాను, మా ఆయన వెనక సీటు డ్యూటీ. కొండగావ్ దగ్గర మా అమ్మాయి వెనక్కి మారాలి. కొరాపుట్ దగ్గర పట్టాలు రోడ్డు పక్కకి వస్తాయి, అక్కడ వెనక నేనుండాలి, నా కొంగు కావాలి వాడికి. ఇలా సాలూరు దాకా ఎక్కడా ఖాళీ లేకుండా డ్యూటీలు వేసేశాను. మా ఆయన ఫోన్‌లో రోడ్డు మ్యాపు చూస్తున్నవారల్లా తలెత్తి నా వైపు చూశారు. 

మా అమ్మాయే అంది. తమ్ముడికి అర్థం కాకూడదని హిందీలో, మెల్లిగా అంది. "మమ్మీ, లౌట్‌తే వక్త్ మామయ్య నహీ హోంగే నా."

తిరిగొచ్చేటప్పుడు మామయ్య కారులో ఉండరు కదా అని. నిజమే. సాలూరు నుంచి భిలాయి దాకా ఖాళీ సీటు పక్కన ఒకరి తర్వాత ఒకరం కాపలా కూర్చునేలా పెట్టాను. ఇన్నేళ్ళలో ప్లాంటులో నా ప్లాన్‌లో ఇలాంటి తప్పు రాలేదు. వచ్చుంటే మా సెక్షన్‌లో ఏడాదిపాటు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. మా బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు.

"అవును. అయితే వచ్చేటప్పుడు నడిపేవాళ్ళని చూసుకుంటే చాలు, త్వరగా వచ్చేయొచ్చు," అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. లేచి కంచాలు తీసి సింక్‌లో వేశాను. కడిగినవే మళ్ళీ కడుగుతుంటే మా ఆయన వచ్చి కుళాయి కట్టేశారు. నా చెయ్యి పట్టుకున్నారు. నాకు ఆ చెయ్యి తడిగా ఉందని తెలిసింది. అంతకంటే ఏమీ తెలియలేదు.

శుక్రవారం ప్రార్థన చేసుకుని బయల్దేరాం. ప్లాన్ ప్రకారమే జరిగింది. ప్రయాణం గురించి ఇంతకంటే చెప్పుకోదగ్గది ఏమైనా ఉండాలి నిజానికి. కేష్కాల్ ఘాట్‌లో పొద్దు పొడిచింది, అడవి బాగుండి ఉంటుంది. అమ్మాయి ఫోటోలు తీసింది. నేను ముందున్న లారీ వెనక దీపాలే చూశాను. జగదల్‌పూర్ హోటల్లో మా ఆయన బయటికెళ్ళి నిజంగానే చెమటతో తిరిగొచ్చారు, తమ్ముడు కంచం దగ్గరికి లాక్కున్నాడు. కొరాపుట్ దగ్గర నా కొంగు వాడి తలమీద ఉంది. రైలేదీ రాలేదు. సాలూరు చేరేసరికి ఇంకా వెలుతురుంది. చుట్టూ అందరూ తమ్ముడిలా మాట్లాడుతున్నారు. టీ కొట్టతను వాణ్ణి, "ఏటి బావూ, పంచదార సాలేదా?" అని అడిగితే వాడు ఎంత మురిసిపోయాడో. అమ్మ పోయాక వాడు బయటివాళ్ళకి జవాబు చెప్పడం అదే మొదలు.

శనివారం మధ్యాహ్నానికి ఇంకా టైము ఉండగానే ఆశ్రమం చేరాం. కొబ్బరిచెట్ల మధ్య పొడుగాటి పెంకుటిల్లు. వరండాలో బెంచీలు. నీలం చీరలో ఒక నడివయసావిడ వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది. వాడు ఎప్పుడేం తింటాడో, దేనికి భయపడతాడో, రాత్రి దీపం ఆర్పితే ఏమవుతుందో, కోపమొస్తే ఏం చెయ్యాలో అన్నీ చెప్పాను. చిన్నప్పట్నుంచీ చేసిన అప్పగింతే, కాకపోతే ఈసారి మొత్తం బతుకుకి. ఆవిడ ఆయ్, ఆయ్ అంటూ విన్నది. ఎంత బుర్రకెక్కిందో తెలియదు.

ఆఫీసులో ఉన్న మేడమ్, ఇక మీరు బయల్దేరితే మంచిది, మీరుంటే కుదురుకోడు, అన్నం సంగతి సాయంత్రం ఫోన్ చేసి చెబుతాం అన్నారు. నా ప్లాన్‌లో కూడా అప్పటికి బయల్దేరడమే ఉంది. ఆలస్యమైతే సాలూరు చేరేసరికి రాత్రి, మర్నాడు సుంకి ఘాట్ ఆలస్యం, కేష్కాల్‌లో లారీలు, సోమవారం పొద్దున్న మిల్లు దగ్గర నేను ఉండను. మా ఆయన కారు తాళాలు తీశారు.

మీ డ్యూటీ ఎప్పుడు మారుతుందండీ అని నీలం చీరావిణ్ణి అడిగాను. రెండింటికి ఇంకొకావిడ వస్తుందండీ అంది.

నేను బెంచీ మీద కూర్చున్నాను. అలా కూర్చోవాలని అనుకోలేదు. కాళ్ళే కూర్చున్నాయి. మా ఆయన గడియారం చూశారు, నన్ను చూశారు.

"రిలీవర్ రానీండి," అన్నాను.

ఆయన చేతిలో సంచి కింద పెట్టేశారు. అమ్మాయి మెట్లమీద కూర్చుంది. మేడమ్ రెండుసార్లు బయటికొచ్చి చూసి లోపలికెళ్ళిపోయారు. రెండయింది. ఎవరూ రాలేదు. బస్సు దొరికుండదు అంది నీలం చీరావిడ. ఆవిడ బస్సు కూడా వెళ్ళిపోయినట్టుంది, గేటు వైపు చూసి నిట్టూర్చింది గాని లేవలేదు. తమ్ముడి పక్కనే కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. కంచంలో అన్నం అలాగే ఉంది. వాడు దాని వైపు చూడ్డం లేదు. బయటికెళ్ళి రానా అని మా ఆయన సైగ చేశారు. వద్దని తల ఊపాను. రేపు ఈయన ఇక్కడుండరు. ఎల్లుండీ ఉండరు.

రెండున్నర దాటాక గేటు తీసుకుని ఒకావిడ గబగబా వచ్చింది. లావుపాటి మనిషి, భుజాన సంచి, మొహమంతా చెమట. బస్సుని తిట్టుకుంటూనే వరండా ఎక్కింది. తమ్ముడు తలెత్తి ఆవిడ వంక చూశాడు. కంచం ముందుకి లాక్కున్నాడు.

ఆవిడ చేతులు కడుక్కొచ్చి వాడికి రెండోవైపు కూర్చుంది. అప్పుడు నీలం చీరావిడ లేస్తూ చెప్పింది. "ఇప్పుడే తింటున్నాడు. కూర కారం లేకుండా వెయ్యి. రాత్రి లైటు ఆర్పకూడదంట. కోపమొస్తే చెయ్యి పట్టుకోకు, పక్కన కూర్చోవాలంతే. వాళ్ళక్క చెప్పింది."

వాళ్ళక్క అక్కడే, నాలుగడుగుల దూరంలో కూర్చుని వింటోంది. నేను చెప్పినవే. ఒక్కటి కూడా పోలేదు. కొత్తావిడ ఊఁ కొడుతూ కూర కలుపుతోంది. ఇంకా ఏదో చెప్పాలని వెతుక్కున్నాను. ఏమీ మిగల్లేదు.

తమ్ముడు కంచం ఖాళీ చేసి, మూతి తుడిపించుకుని, అప్పుడు నన్ను చూశాడు. నేనింకా అక్కడే ఉన్నందుకు వాడికి ఆశ్చర్యంగా ఉన్నట్టుంది.

"అక్కా, నీ డూటీ అయిపోనాది. ఎల్లి పడుకో," అన్నాడు.

కోపం లేదు, బెంగ లేదు. రాత్రంతా కాపలా ఉండి అలసిపోయిన మనిషికి చెప్పినట్టు చెప్పాడు. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు. ఎనిమిది గంటల్లో వస్తాననే అనుకుని ఉంటాడు. వాడి లెక్క ప్రకారం లేచినవాళ్ళు మళ్ళీ రాకుండా ఎప్పుడూ ఉండలేదు, అమ్మా నాన్నా తప్ప.

సరే నాన్నా అని లేచాను. వరండా చివరిదాకా మామూలుగానే నడిచాను. మెట్ల దగ్గర చెప్పులు వేసుకోవడానికి వంగాను, ఇక లేవలేకపోయాను. అక్కడే, ఎవరెవరివో చెప్పుల మధ్య కూలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అమ్మ కోసం, నాన్న కోసం, వాడి కోసం, అన్నీ కలిసి ఒక్కసారే వచ్చాయి. వాడికి వినపడకూడదని మా అమ్మాయి నాకు అడ్డంగా నిలబడింది. సోమవారం పొద్దున్న ప్లాంటుకి రాలేనని నా ఫోన్ నుంచి మా ఆయనే చెప్పారు.